కరిసల్ సీమలో యంత్రపు చేయి

మదురై దాటి రైలు దక్షిణానికి సాగిన కొద్దీ నేల నల్లబడుతూ వస్తుంది. తిరుమంగలం, విరుదునగర్, సాత్తూరు, ఆ తరువాత కోవిల్‌పట్టి. కిటికీకి ఇరుప్రక్కల మన కర్నూలు, నంద్యాల పొలాలను తలపించే నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ అంటారు. హైదరాబాదు, కర్నూలు, అనంతపురముల మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి కూడ ఈ ఊళ్ళ ప్రక్కగానే కన్యాకుమారికి పోతుంది. కనుక తెలుగువారికి ఇది దారి తెలియని సీమ కాదు.

దారి తెలియటమేమిటి, వందల ఏళ్ళ క్రిందటే మనవారు ఇచ్చట కాపురం పెట్టినారు. కోవిల్‌పట్టికి సమీపంలోని ఇడైసెవల్ గ్రామం తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారి స్వస్థలం. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి, తెలుగునాటి నుండి వలసవచ్చిన వారి కథను ‘గోపల్ల గ్రామం’ అనే పేర తమిళంలో వ్రాసిన మహానుభావుడాయన. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆయన 2021లో కన్నుమూశారు. ఈ సీమ తెలుగు నోటిలో ఉన్నది గాని పలక మీద లేదు. మేము దిగిన మా మేనత్త కుమార్తెగారి ఇంట ముసలివారు మొదలు పిల్లల వరకు తెలుగే మాట్లాడతారు. ఈ పత్రికను చేతికిస్తే బొమ్మలు చూచి తిరిగి ఇచ్చేస్తారు.

కోవిల్‌పట్టిలో చూడవలసినవి ఏమిటని అడిగితే అందరూ ముందుగా వేరుశనగ మిఠాయి పేరే చెప్పారు. వేరుశనగపప్పు, బెల్లపు పాకం, అంతే. దీనికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. పాకం చల్లారి గట్టిపడక ముందే పరచి, ముక్కలు కోయాలి. ఆలస్యమైతే కత్తి దిగదు. ఆ పని చేసే వారి చేతివేగం చూస్తూ మేము ఒక అరగంట అంగడి ముందే నిలబడిపోయినాము. ఇక అగ్గిపెట్టెల సంగతి. 1922లో శివకాశి నుండి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని వచ్చారు. ఆ విద్య సాత్తూరు, కోవిల్‌పట్టిల దాకా అల్లుకున్నది. పుల్లలను చట్రాలలో అమర్చటం, మైనంలో ముంచటం, తలలకు మందు పట్టించటం, పెట్టెలలో నింపటం. ఎక్కువ భాగం ఆడవారి వ్రేళ్ళతో జరిగిన పని ఇది. పూర్తిగా యంత్రాల మీద నడిచే కర్మాగారములు వచ్చినకొద్దీ చేతిపని తగ్గుతూ వస్తున్నది.

ఇట్టి ఊరిలో, మా వదినగారి పెరటి వసారాలో, నలుగురు పిల్లలు కలిసి ఒక చేతిని తయారు చేస్తున్నారు.

మా వదినగారి మనుమడు ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఈ చుట్టుప్రక్కల ఇంజనీరింగు చదువుకు కొదువ లేదు. కోవిల్‌పట్టిలోని నేషనల్ ఇంజనీరింగు కళాశాల, శివకాశిలోని మెప్కో ష్లెంక్ కళాశాల రెండూ 1984లో వెలసినవే. ఈ పిల్లలు చదివేది ఏ కళాశాల అయితేనేమి, చివరి సంవత్సరంలో ఏదో ఒకటి స్వయంగా కట్టి చూపవలెనన్నది నియమం. వీరు చక్రాల బండి మీద అమర్చిన యంత్రపు చేతిని ఎన్నుకున్నారు. బండి చెప్పిన చోటికి పోవాలి, చేయి వంగి వస్తువును పట్టుకోవాలి, తెచ్చి మరొకచోట పెట్టాలి. మనిషి దూరంగా నిలబడి ఫోనుతో నడపాలి.

“ఇది ఎందుకర్రా?” అని అడిగాము.

జవాబు చెప్పినది సాత్తూరు దగ్గరి పల్లె నుండి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. వాళ్ళమ్మ అగ్గిపెట్టెల పనికి వెళుతుంది. మేనమామ పటాకులలో మందు కలిపే పని చేసేవాడు. ఇప్పుడతని కుడిచేతికి రెండు వ్రేళ్ళే మిగిలినవి. “యంత్రం వస్తే అమ్మ పని పోతుందని భయంగానే ఉంది, తాతా. మందు గదిలో పని మాత్రం మనుషులకు పోవాలనే ఉంది” అన్నది. తమిళంలోనే అన్నది, మనుమడు తెలుగు చేసి చెప్పాడు గాని, మాకు అంతకు ముందే అర్థమైంది. 2012 సెప్టెంబరు 5వ తేదీన శివకాశి దగ్గర ముదలిపట్టిలో పటాకుల కర్మాగారం పేలి 40 మంది వరకు పోయిన వార్త పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆ తరువాత కూడ అట్టి వార్తలు ఆగలేదు.

రోబో అనే మాట 1920లో కరెల్ చాపెక్ అనే చెక్ రచయిత నాటకంలో మొదట వచ్చింది. ఆ భాషలో దాని మూలపదానికి వెట్టిచాకిరి అని అర్థమట. తొలి యంత్రపు చేతులకు అప్పగించిన పనులు నిజంగా మనిషి చేయి పెట్టరానివే. అమెరికాలో గోయెర్ట్‌జ్ అనే ఇంజనీరు 1940ల చివర అణుపదార్థాలను గోడకు ఇవతలి నుండి ముట్టుకొనే చేతులను రూపొందించాడు. 1961లో న్యూజెర్సీలోని ఒక మోటారు కర్మాగారంలో యూనిమేట్ అనే యంత్రహస్తం చేరి, అచ్చులలోంచి కాలుతున్న లోహపు ముక్కలను ఎత్తే పని చేపట్టింది. మన దేశంలో పూనాలోని రక్షణ పరిశోధన సంస్థ వారు బాంబులను తొలగించుటకు ‘దక్ష్’ అనే బండిని నిర్మించారు. వసారాలో పిల్లలు కడుతున్నది ఆ వంశంలోని పసికూన.

దీని కీళ్ళలో ఉండేవి సర్వో మోటార్లు. మామూలు మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఇది చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలబడుతుంది. సెకనుకు 50 సార్లు దానికి కబురు పోతుంది. ఆ కబురు సెకనులో వెయ్యవ వంతు సేపు ఉంటే ఒక కొసకు, రెండు వంతులుంటే రెండవ కొసకు, ఒకటిన్నర అయితే నడిమికి. కబురు పంపే పలక పేరు ఆర్డ్వీనో. 2005లో ఇటలీలో విద్యార్థుల కొరకే పుట్టింది. చౌకగా దొరుకుతుంది కనుక ఇప్పుడు ఊరూరా ఉన్నది.

మేము వెళ్ళిన నాటికి చేయి లేచేది కాదు. లేచినట్లే లేచి, మధ్యలో వణికి, భుజం దగ్గరి మోటారు వేడెక్కి కూలబడేది. మా వదినగారు గుమ్మంలోంచి చూచి, “ఏమిరా, ముసలిదాని చెయ్యి మాదిరి ఉండాది!” అన్నారు. పిల్లలు లెక్క తీశారు. చేయి పొడుగు 30 సెంటీమీటర్లు. కొసన ఎత్తవలసినది 200 గ్రాములు. బరువును దూరంతో గుణిస్తే భుజం మీద 6 కిలోగ్రాము-సెంటీమీటర్ల భారం. ముంజేయి, పట్టుకొనే వ్రేళ్ళు కలిసి 100 గ్రాములు, 22 సెంటీమీటర్ల దూరాన, అదొక 2.2. మోచేతిలోని మోటారు 55 గ్రాములు, దానికి 0.8. దండచేయి బరువుకు మరొక అరకొర. మొత్తం తొమ్మిదిన్నర దగ్గర తేలింది. కొన్న మోటారు శక్తి 9.4 అని కాగితంలో వ్రాసి ఉన్నది. అదికూడ మోటారు ఇక కదలలేక ఆగిపోయే హద్దు. ఆ హద్దులో సగమైనా మిగుల్చుకోకపోతే పని సాగదు.

ఆ అంకెలేవీ వినకుండానే మా వదినగారు తీర్పు చెప్పేశారు. “నీళ్ళ బిందెను చెయ్యి చాపి మోస్తారా ఎవరన్నా? నడుముకు ఆనించుకొని మోస్తారు.” ఈ కరిసల్ సీమలో మైళ్ళ దూరం నీళ్ళు మోసిన తరం వారిది, ఆ మాటకు విలువ ఎక్కువ. పిల్లలు చేతిని 20 సెంటీమీటర్లకు కుదించి, రేకు బదులు తేలిక పలకలు వేసి, భుజానికి జోడు మోటార్లు పెట్టారు. భారం ఆరు పైచిలుకుకు దిగి, ఒక్కొక్క మోటారుకు మూడు చొప్పున పడింది. బరువెత్తినపుడు బండి ముందుకు తూలకుండా బాటరీని వెనుకకు జరిపారు.

ఇంకొక చిక్కు మిగిలింది. చేయి కదిలినప్పుడల్లా పలక మూర్ఛపోయి, మళ్ళీ మొదటి నుండి లేచేది. మోటార్లు ఒక్కసారిగా విద్యుత్తును లాగేసరికి పలకకు చాలటం లేదని ఆ అమ్మాయి కనిపెట్టింది. మోటార్లకు వేరే బాటరీ పెట్టి, రెండింటి భూమి తీగలను మాత్రం కలిపింది. ఆ రాత్రి పదకొండు గంటలకు యంత్రపు చేయి ఒక అగ్గిపెట్టెల కట్టను ఎత్తి మా కాఫీ పళ్ళెంలో పెట్టింది. పెరట్లోకి తోలి చూస్తే మాత్రం తడి రేగడిలో చక్రాలు కూరుకుపోయినవి. దాని సంగతి రేపు చూద్దామన్నారు, ఎవరూ చూడలేదు.

ప్రదర్శన విరుదునగర్‌లో. ఏబది కిలోమీటర్ల దారి. అట్టపెట్టెలో చేతిని ఒడిలో పెట్టుకొని పిల్లలు, వారి వెనుక మేమిద్దరము బస్సులో బయలుదేరినాము. మిరపకాయలు, ధనియాలు, పప్పులు, నూనెల టోకు బజారుకు పేరుపడ్డ ఊరిది. వీధిలో నడిస్తే తుమ్ములు తప్పవు. కామరాజ్ గారు 1903లో పుట్టినది ఇచ్చటనే. ఆయన ఇల్లు స్మారకంగా ఉన్నది, చూచి వచ్చాము. తెలుగువారు తెలుసుకోవలసిన మరొక పేరు శంకరలింగనార్. మన పొట్టి శ్రీరాములుగారు 1952లో అసువులు బాసిన నాలుగేళ్ళకు, రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టవలెనన్నది మొదలైన కోరికలతో ఇచ్చట నిరాహారదీక్ష పూని, 1956 అక్టోబరులో ప్రాణం విడిచినాడు. ఆ పేరు 1969లో అమలులోకి వచ్చింది.

ప్రదర్శనలో బల్లలన్నీ నిండి ఉన్నవి. మన పిల్లల చేయి వణకకుండా మూడుసార్లు ఎత్తి దింపింది. చప్పట్లు కొట్టారు. అప్పుడు చూడవచ్చిన వారిలో ఒక పెద్దమనిషి దగ్గరకు వచ్చినారు. ముప్పై ఏళ్ళు పటాకుల పనిలో ఉండి విరమించినవారట.

“దీనిని ఎంత దూరం నుండి నడుపుతారు?”

“పది మీటర్లు, అయ్యా.”

“చాలదు. సరే, ఆ కిటికీ మూయండి.”

కిటికీ మూసి దీపం ఆర్పించారు. బండి చక్రాలను తిప్పమన్నారు. చీకట్లో మోటారు వెనుక సన్నని రంధ్రంలో నీలపు చుక్కలు మినుకు మినుకుమన్నవి. లోపల తిరిగే భాగాన్ని ఒరుసుకొనే కుంచెల దగ్గర పుట్టే నిప్పురవ్వలవి. “మందు గదిలోకి ఇనుప పనిముట్టు తీసుకురానివ్వము. చెప్పులు వేసుకోనివ్వము. లోపలికి పోయేముందు రాగిరేకు ముట్టుకొని ఒంటిలో విద్యుత్తు ఉంటే దింపుకొమ్మంటాము. అట్టి గదిలోకి మీరు అగ్గిపుల్ల గీస్తూ వస్తారా?” కోపంగా అనలేదు, నిదానంగానే అన్నారు.

మనుమడి ముఖం వాడిపోయింది. ఆ అమ్మాయి మాత్రం తల దించుకోలేదు. తాను పదవ తరగతిలో ఉండగా సూదిమందు గొట్టాలలో నీళ్ళు నింపి, సన్నని గొట్టంతో కలిపి, ఒకటి నొక్కితే రెండవది లేచేటట్లు అట్టముక్కల చేయి చేసినదట. “అందులో విద్యుత్తే లేదయ్యా. నీళ్ళకు బదులు గాలి వాడితే? మోటారూ బాటరీ గోడకు ఇవతలే ఉంటాయి. లోపలికి గొట్టం మాత్రమే పోతుంది” అన్నది. పెద్దమనిషి కొంచెంసేపు ఆలోచించి, వ్రేళ్ళకు ఇనుము కాక ఇత్తడి గాని కొయ్య గాని వేయాలన్నారు. గొట్టం రాపిడికి కూడ విద్యుత్తు పుడుతుంది, దానికి ఏం చేస్తారని అడిగారు. అక్కడి నుండి మాట తమిళంలో ఎంత వేగంగా సాగిందంటే మాకు సగమే అందింది. నోటుపుస్తకంలో నాలుగు పుటలు నిండినవి. బహుమానం మిరపకాయలను ఎండబెట్టే పెట్టె చేసిన వారికి వెళ్ళింది. మా వారు ఆ ప్రకటన వినటానికి కూడ రాలేదు.

పెద్దమనిషి సెలవు తీసుకుంటూ తన చిరునామా వ్రాసి ఇచ్చి, శివకాశికి ఒకసారి రండి, కలిపే గది ఎట్లుంటుందో చూపిస్తానన్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనుకకు తిరిగి, యంత్రపు చేతి వైపు వ్రేలు చూపించి, “దీనిని మాత్రం ఇంట్లో పెట్టి రండి” అన్నారు.