శని అమావాస్య నాటి కొలంబియా

2003 ఫిబ్రవరి 1. శనివారం, పైగా అమావాస్య. ధర్మవరంలో అమావాస్యకు మా మగ్గం ఆపేవాళ్లం. నాయన ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చున్నాడు. మన టైము ప్రకారం రాత్రి 7:46కు అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా ఫ్లోరిడాలో దిగాలి. ఏడున్నరకే దానితో సంబంధాలు తెగిపోయాయి. టెక్సాస్ ఆకాశంలో తెల్లటి చారలు మాత్రం చూపించారు. మన దేశంలో పుట్టిన వ్యోమగామి కల్పనా చావ్లాతో సహా అందులోని ఏడుగురూ పోయారని తెలిశాక, "ఏ తల్లి కన్న బిడ్డో" అంటూ మాయమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

అప్పట్లో నేను పెనుకొండలో సైన్సు టీచర్ని. సోమవారం ప్యాసింజర్ రైల్లో ఎక్కడ చూసినా ఇదే ముచ్చట. "శని అమావాస్య పూట దిగే పని పెట్టుకుంటారా అప్పా?" అన్నాడొక పెద్దాయన. "ఆడపిల్లకు అంత సాహసమెందుకు?" అని ఇంకొకాయన. హిందూపురం కాలేజీకి పోయే అమ్మాయి ఊరుకోలేదు. "పోయినోళ్లలో ఐదుగురు మగోళ్లే కదా తాతా, వాళ్లనెవరూ అడగరే?" అంది. పెట్టెలో ఎవరూ మాట్లాడలేదు.

బడిలో ఆడపిల్లల ప్రశ్న వేరు: "మేడం, కిందికి దూకేకి కాలేదా?" అరవై కిలోమీటర్ల ఎత్తు, గంటకు ఇరవై వేల కిలోమీటర్ల వేగం అని బోర్డు మీద రాశాను. రాసిన అంకెలు నాకే మింగుడుపడలేదు. ఫిబ్రవరి 5న ప్రధాని వాజపేయి వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కు కల్పన-1 అని పేరు పెట్టారు. అంతకుముందు సెప్టెంబరులో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహమే అదని చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు.

అసలు సంగతి ఆగస్టులో విచారణ నివేదికతో బయటపడింది. జనవరి 16న ఎగిరిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలి చిల్లు పడింది. ఆ ముక్క బరువు ముప్పాతిక కిలో. తిరిగొచ్చేటప్పుడు ఆ చిల్లులోంచి నిప్పులాంటి వాయువులు జొరబడి రెక్కను కరిగించాయి. ముక్క తగిలిన సంగతి మర్నాడే వీడియోలో కనిపించింది. రెక్కను ఫొటోలు తీయించమని ఇంజనీర్లు అడిగారు. పైవాళ్లు అక్కర్లేదనుకున్నారు.

ఇదంతా చదివి వినిపిస్తే నాయన, "పోగు తెగింది కనపడినా అతకకుండా నేసినారన్నమాట" అన్నాడు.

1986లో కూలిన చాలెంజర్ అంతరిక్ష నౌకదీ ఇదే కథ. చలికి రబ్బరు రింగులు పనిచేయవేమోనని ఇంజనీర్లు ముందురోజు రాత్రే హెచ్చరించారు. అందులోని ఏడుగురూ బతకలేదు.

బడి బస్సు బోల్తా పడినా, బాణసంచా గోడౌను పేలినా మన దగ్గర ఇప్పటికీ వినిపించేది తలరాత మాటే. ఈసారి ఎవరైనా అలా అంటే, లోపం ముందే ఎవరికి కనిపించిందో, వాళ్ల మాట ఎవరు తోసేశారో అడగండి.