మెదకు కోటలో విషబల్లులు

మెదకు అనగానే అందరికీ చర్చి జ్ఞాపకం వస్తుంది. రావలసిందే మరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ రాతి మందిరం 175 అడుగుల గోపురంతో అల్లంత దూరాన్నుంచే బాటసారిని పలకరిస్తుంది. చర్చి చూసి, చెట్టు నీడన అన్నం మూట విప్పుకుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవారే ఎక్కువ. కోటగుట్ట ఎక్కేవారు తక్కువ.

కాకతీయుల నాటిదని చెప్పుకునే ఈ కోట పూర్వనామం మెతుకుదుర్గం. ఆ మెతుకే కాలక్రమాన మెదకు అయిందంటారు. ప్రథమద్వారం, సింహద్వారం, గజద్వారం దాటుకుంటూ పైకి పోతే కుతుబ్‌షాహీల కాలపు మసీదూ, ధాన్యపు కొట్లూ, కాలు జాపుకుని పడుకున్న పాత ఫిరంగీ కనబడతాయి. ఎండకు కాగిన బండల సందున ఏదో సర్రుమని పాకుతుంది. అది తొండ కావచ్చు, నలికండ్ల పాము కావచ్చు, మన అదృష్టం బాగుంటే ఉడుమే కావచ్చు. వెంటనే మనవాళ్ళలో ఒకరు రాయి అందుకుంటారు. "విషం సార్, విషం! ఆ నాలిక చూడండి, అచ్చం పాము నాలిక!"

ఉడుము నాలిక రెండుగా చీలి ఉండే మాట నిజం. కాని అది కాటు వేయడానికి కాదు, గాలిలో వాసన పట్టడానికి. ఇక నలికండ్ల పాము అయితే పాము పేరు మోస్తున్న పాపానికి దెబ్బలు తింటున్న నున్నని బల్లి మాత్రమే. దానికి విషమన్నది లేనే లేదు. ఉడుముల జాతి నోటిలో కూడా విషగ్రంథుల వంటివి ఉన్నాయని 2006లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దాని మీద చర్చ సాగుతూనే ఉంది. ఏమైనా ఉడుము తనంతట తాను మనిషి మీదికి రాదు. పట్టుకోబోతే మాత్రం గట్టిగా కరుస్తుంది, తోకతో కొడుతుంది. "ఉడుము పోయినా సరే, చెయ్యి దక్కితే చాలు" అన్న సామెత ఊరికే పుట్టలేదు!

మరి నిజంగా విషమున్న బల్లి లేదా అంటే, ఉంది. అది ఉండేది మన గుట్టల్లో కాదు, అమెరికా నైరుతి ఎడారుల్లోనూ మెక్సికోలోనూ. దాని పేరు హీలా మాన్‌స్టర్. నలుపూ నారింజా రంగుల పూసలు గుచ్చినట్టుండే ఒళ్ళు, మూరెడు పొడవు, లావుపాటి తోక. 1869లో దీనికి శాస్త్రనామం పెట్టిన కోప్ అనే పండితుడు, విషముందేమోనన్న శంకతో, ఆ శంకనే పేరుగా పెట్టాడు: హెలోడెర్మా సస్పెక్టమ్. అనుమానం పేరుగా స్థిరపడిన ప్రాణి అది. తరువాత ఆ అనుమానం నిజమే అయింది. పాముకు విషం పైదవడలో ఉంటే దీనికి కింది దవడలో ఉంటుంది. కోరలతో పొడవదు, కరిచి పట్టుకుని నములుతుంది. గాడిపడ్డ పళ్ళ వెంట విషం గాయంలోకి దిగుతుంది. దీనికి విరుగుడు మందు లేదు.

అటువంటి ప్రాణిని జంతుప్రదర్శనశాలల్లో ఎలా సాకుతారో వింటే ఆశ్చర్యం వేస్తుంది. దాని గూటికి గట్టి అద్దం, గట్టి మూత, తాళం. ఒక పక్క దీపం పెట్టి 30 డిగ్రీల దరిదాపుల వెచ్చదనం, ఇంకో పక్క చల్లదనం. ఎటు పోవాలో దాని ఇష్టం. మే నెలలో మన మెదకులో కాసే 40 డిగ్రీల పైచిలుకు ఎండలో దాన్ని వదిలితే బతకదు. ఎడారి ప్రాణే అయినా అది బతుకులో ఎక్కువ భాగం నేల లోపలి చల్లని బొరియల్లోనే గడుపుతుంది. అందుకే గూట్లో దాగడానికొక చీకటి గుహ, మునగడానికి నీళ్ళ తొట్టి తప్పనిసరి. తిండి గుడ్లూ, ఎలుకలూ. కొవ్వంతా తోకలో దాచుకుంటుంది కనుక అతిగా మేపితే దానికే చేటు. తోక చూసి ఆరోగ్యం చెబుతారట పెంపకందార్లు! చలికాలంలో కొన్ని వారాలు చల్లగా పడుకోనిస్తే గాని గుడ్లు పెట్టడం కష్టం. చేత్తో ముట్టరు, కొంకి కర్రతో కదుపుతారు. పక్కన రెండో మనిషి ఉండి తీరాలి.

ఇంత శ్రమ దేనికి? 1952లోనే ఆరిజోనా రాష్ట్రం దానికి చట్టరక్షణ ఇచ్చింది. 1992లో జాన్ ఎంగ్ అనే వైద్యుడు దాని విషంలో ఎక్సెండిన్-4 అనే పదార్థాన్ని కనిపెట్టారు. దాని ఆధారంగా తయారైన మధుమేహం మందుకు 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. చంపుతుందని భయపడ్డ నోట్లోంచి మందు పుట్టింది.

ఇటు మన సంగతి చూడండి. బల్లి మీద పడితే పంచాంగం తిరగేసి బల్లిపాటు ఫలం చూస్తాం. దోషం పోవడానికి కంచి వెళ్ళి బంగారు బల్లిని తాకుతాం. బండ మీది ఉడుమును మాత్రం మాంసానికీ, తోలుకూ, లేని మహిమలున్న నూనెకూ చంపుతాం. "హాథాజోడీ" అనే మహిమగల వేరని అమ్మే వస్తువు నిజానికి ఎండబెట్టిన మగ ఉడుము జననాంగమని 2017లో బయటపడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉడుము మొదటి షెడ్యూలులోనిది. చంపినా, పట్టి పెంచినా మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు ఉండవచ్చు.

పిల్లలు పాకే ప్రాణులను దగ్గరగా చూడాలని మారాం చేస్తే, 1963లో తెరిచిన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు తీసుకుపోండి. మెదకు నుంచి సుమారు నూరు కిలోమీటర్ల ప్రయాణం. ఇంటికి పట్టుకొచ్చి బుట్ట కింద మూసే ఆలోచన మాత్రం వద్దు.

ఎక్కడో విషబల్లికి అద్దాల గూడూ, దీపమూ, తాళమూ, కాపలా మనిషీ కావాలి. మన కోటగుట్ట మీది ఉడుముకు ఇవేవీ అక్కరలేదు. గూడు కాకతీయుల నాడే కట్టి ఉంది, దీపం సూర్యుడే పెడుతున్నాడు. మనం చేయవలసిందల్లా చేతిలో రాయి కింద పడేయడమే.