మీటల పనియు మణికట్టు నొప్పియు

కంప్యూటరు ముందు పనిచేయువారికి కన్నులు చెడునని యందరును చెప్పుదురు. చేతి మాట యెత్తువారు అరుదు. కూర్చుండి చేయు పని యని దానికి పేరు వచ్చుటచేత, అందులో దేహమునకు శ్రమ గలదన్న యూహయే ఇంటివారికి కలుగదు. మా చిలమకూరు సిమెంటు కర్మాగారము గల యూరు. చుట్టుపట్ల నాపరాతి గనులు. పలకలు మోసి చేతులు కాయలు గాచినవారిని నిత్యము చూచు కన్నులకు, వ్రేళ్ళతో మీటలు నొక్కువారి నొప్పి నొప్పివలె తోచదు.

ఇట్టి పని చేయు స్త్రీలు మా సీమలో ఇప్పుడు కొలదిమంది కారు. 2008 లో ఇడుపులపాయలో సాంకేతిక విద్యాలయము వెలసిన నాటినుండి, పదవ తరగతి ముగించిన పల్లె పిల్లలే ల్యాపుటాపులు ముందుంచుకొని చదువుచున్నారు. 2019 లో గ్రామ సచివాలయములు ఏర్పడి, ఊరూరను కంప్యూటరు పని తెలిసినవారు కావలసివచ్చిరి. ప్రొద్దుటూరి బట్టల కొట్లలోను, బంగారపు కొట్లలోను చేతివ్రాత లెక్కలు తగ్గి యంత్రపు లెక్కలు హెచ్చినవి.

మా చిన్న తోడికోడలు ఒక కార్యాలయములో కాగితములలోని అంకెలను యంత్రములో చేర్చు పని మూడేండ్లుగా చేయుచున్నది. దినమునకు ఏడు గంటల పని. గత సంవత్సరము చలికాలమున ఆమెకు కుడిచేయి మొద్దుబారుట మొదలైనది. పగలు కొంచెమే; రాత్రి నిద్రలో హఠాత్తుగా లేచి, చేతిని క్రిందికి వ్రేలాడవేసి విదలించుకొనుచుండెను. విదలించిన కొంతసేపటికి తిమ్మిరి తగ్గెడిది. గాజుల చప్పుడునకు ప్రక్క గదిలోని మాకు మెలకువ వచ్చెడిది. ఉదయమున దువ్వెన పట్టుకొనలేక జారవిడిచెడిది.

వాతమని యొకరు, దృష్టి దోషమని యొకరు పలికిరి. వేడినూనెతో మర్దనము చేయించిరి. పుత్తూరు కట్టు కట్టింతమనిన వారును కలరు; అది విరిగిన యెముకల మాట గాని యిట్టి తిమ్మిరి మాట గాదు. ఈ నడుమ ఉద్యోగము మానవలెనన్న మాట ఇంటిలో బయలుదేరెను. ఆమె జీతముతోనే పిల్లలిద్దరి బడి రుసుములు నడుచుచున్నవి. అంతకు మించి, ఆ పనికై యామె మూడు పరీక్షలు వ్రాసి కూర్చున్నది. మానవలెనన్న నాటి రాత్రి ఆమె అన్నము ముట్టలేదు.

అమరకోశము చదివిన సోదరీమణులకు మణిబంధమను మాట తెలియును. మన మణికట్టే యది. సుశ్రుతుడు మర్మస్థానములను విభజించునపుడు ఈ మణిబంధమును రుజాకర మర్మములలో చేర్చెను. అనగా దెబ్బతగిలిన మిక్కిలి నొప్పి పుట్టించు తావులని యర్థము. నేటి శరీరశాస్త్రము దాని లోపలి నిర్మాణమును విప్పి చూపినది. మణికట్టు లోపలివైపున చిన్న యెముకలు తొట్టివలె అమరియుండగా, వానిపై గట్టి పట్టీ యొకటి మూతవలె నున్నది. ఆ యిరుకు దారిలో వ్రేళ్ళను ముడుచు త్రాళ్ళవంటి స్నాయువులు తొమ్మిదియు, వానితోపాటు ఒక నరమును పోవుచున్నవి. త్రాళ్ళ చుట్టునుండు పొర వాచినచో దారి యిరుకై నరము నలుగును. ఆ నరము బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపు వ్రేలిలో సగము వరకే స్పర్శజ్ఞానము నిచ్చును. చిటికెనవ్రేలు వేరొక నరము సొమ్ము. కావున చిటికెనవ్రేలు తప్ప తక్కినవి తిమ్మిరెక్కి, రాత్రులందు హెచ్చినచో ఈ వ్యాధియేమోనని శంకింపవలెను. నొప్పి బొటనవ్రేలి మొదట మాత్రమే యుండి, బిడ్డ నెత్తుకొనునపుడు పోటెత్తినచో అది వేరు. అచటి త్రాళ్ళ వాపు. బాలెంతరాండ్రకు ఇది తరచుగ వచ్చును.

నేరమంతయు మీటలపై మోపుటయు తగదు. పురుషులకంటె స్త్రీలకు నరము నలుగు వ్యాధి హెచ్చు. మధుమేహము, థైరాయిడు గ్రంథి మాంద్యము, గర్భధారణము కూడ కారణములే. అందుచే రక్తపరీక్ష లేక కేవలము లేపనములు పూయుట వ్యర్థము.

ప్రొద్దుటూరిలో నొక వైద్యునియొద్దకు ఆమెను మేమే తోడ్కొనిపోయితిమి. పరీక్షలలో చక్కెర లేదు, థైరాయిడు సరిగా నున్నది. ఆయన బొటనవ్రేలి క్రింది కండను నొక్కి చూచి, "ఇది యింకను తగ్గలేదు. ఈ మిట్ట పల్లమైనచో మరల నిండుట కష్టము" అనిరి. పిమ్మట, "ఇంటిలో ఏమి పనులు చేయుదురు?" అని యడిగిరి. అంతవరకు ఎవ్వరును అడుగని ప్రశ్న యది. ఆమె లెక్క చెప్పినది: తెల్లవారుజామున సంకటి కెలుకుట, జొన్నరొట్టెలు తట్టుట, ఆరుగురి బట్టలు పిండుట, పాలు పితుకుట, సాయంకాలము మరల అవియే, పండుకొనుటకు ముందు ఫోనులో కార్యాలయపు సందేశములు. "చేయి రెండు కొలువులు చేయుచున్నది, సెలవు ఒక కొలువునకైన నీయవలెను గదా" అని వైద్యులు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చి ఈ మాట చెప్పగా మా అత్తగారు, "కూచోని చేసే పనికి నొప్పేందమ్మా? మేము చేయలేదా యివన్నీ?" అనిరి. మేము నరము సంగతి, రాత్రి తిమ్మిరి సంగతి వివరించుచుండగా ఆమె మాట తగ్గెను. కొంతసేపటికి తన రెండు చేతులను చూచుకొనుచు, ఇరువదియేండ్లు నాలుగు బఱ్ఱెలను పితికినానని, ఆ కాలమున రాత్రులు ఇట్లే చేతులు విదలించుకొనుచు కూర్చుండెడిదాననని, అది రోగమని తనకెవ్వరును చెప్పలేదని నెమ్మదిగా పలికిరి. మరుసటి దినము తెల్లవారకముందే చెంబు తీసికొని తామే బఱ్ఱెయొద్దకు పోవుచుండగా మేము ఆపవలసివచ్చెను! పితుకు పనిని మా మరది నేర్చుకొనెను. సంకటి కెలుకు కట్టెయు అతని చేతికే వచ్చినది. మొదటి వారము ఉండలు కట్టిన సంకటి తింటిమి, చెప్పవలసినదేమియు లేదు. బట్టలు పిండక నీరోడుచుండగనే దండెమున వేయుచున్నాము. మా యెండలకు అదియే చాలును.

యంత్రము విషయమున చేసిన మార్పులు స్వల్పములే. కార్యాలయములో మా సీమ యాచారము ప్రకారము నాపబండ గట్టే బల్ల. దాని పదునైన యంచు సరిగా మణికట్టు లోపలివైపున, నరముపైననే ఒత్తుచుండెను. కుర్చీపై మెత్త వేసి ఎత్తు పెంచగా మోచేయి సమకోణమున నిలిచి, అంచు తాకుట మానెను. కీబోర్డు వెనుకనుండు చిన్న కాళ్ళను మడిచినచో చేయి వెనుకకు విరుగక ముంజేతితో సమరేఖగా నుండును. మౌసును దూరముగ గాక కీబోర్డు ప్రక్కనే యుంచవలెను. అరగంటకొకమారు లేచి, వ్రేళ్ళను చాచి, కొక్కెమువలె వంచి, పిడికిలి పట్టి, మరల చాచుట అయిదారు మారులు. నొప్పి పుట్టువరకు లాగరాదు.

తెలుగు వ్రాయువారికి మరియొక కష్టము. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో "స్త్రీ" యను నొక్క యక్షరమునకు ఆరు మీటలు నొక్కవలెను. ఖ, ధ, భ వంటి మహాప్రాణములకు చిటికెనవ్రేలితో వేరొక మీటను పట్టియుంచవలెను. మేము మా తాతగారి శబ్దమంజరి వ్యాఖ్యను యంత్రములో చేర్చుచున్నాము గనుక ఈ భారము మాకు తెలియును. 2017 నుండి గూగులు వారి సాధనములో తెలుగు మాట పలికినచో అక్షరమగుచున్నది. సమాసములను అది చిత్రవధ చేయును గాని, తప్పులు దిద్దుటకు పట్టు శ్రమ మొత్తము వ్రాయుటకంటె తక్కువ.

రాత్రి నిద్రలో చేయి వంగకుండ లోపల రేకు గల పట్టీని ఆరు వారములు కట్టుకొనవలెనని వైద్యులు చెప్పిరి. రెండవ వారమునకు మెలకువలు తగ్గినవి. రెండు మాసములకు తిమ్మిరి ఎప్పుడైన నొకమారు మాత్రమే. తగ్గనివారికి మణికట్టులో సూదిమందు వేయుదురు. అప్పటికిని గుణమీయక, పట్టు సడలుటయో కండ కరుగుటయో కనబడినచో పైమూతయగు పట్టీని కోసి దారి వెడల్పు చేయుదురు. చిన్న శస్త్రమే, అనేకులు ఆ దినమే ఇంటికి వత్తురు.

మా అత్తగారిని కూడ అదే వైద్యునికి చూపించితిమి. నరములో విద్యుత్తు నడక కొలుచు పరీక్ష చేయించగా, కుడిచేతి నరము మిక్కిలి మందగించియున్నదని తేలినది. బొటనవ్రేలి మిట్ట ఇదివరకే పల్లమైనది. శస్త్రము చేసినచో తిమ్మిరి తగ్గవచ్చును గాని పోయిన బలము పూర్తిగా రాకపోవచ్చునని చెప్పిరి. ఆమె యింకను ఒప్పుకొనలేదు. వేరుశనగ కోతలు కానిమ్మని వాయిదా వేయుచున్నారు. పట్టీ మాత్రము ప్రతిరాత్రి చిన్నకోడలే కట్టుచున్నది.