కూచిపూడిలో రెండు కత్తులు

పామర్రు దగ్గర బందరు రోడ్డు వదిలి చల్లపల్లి వైపు తిరిగితే కాసేపటికే కూచిపూడి. అందరిలాగే నేనూ గజ్జెల చప్పుడు కోసమే వెళ్లాను. చూసొచ్చింది మాత్రం ఓ కత్తిని!

రామలింగేశ్వరస్వామి గుడికి దగ్గర్లోని పెంకుటింట్లో మహర్నవమి పూజ జరుగుతోంది. పీట మీద తాళాలు, గజ్జెలు, మృదంగం. పక్కనే నల్ల తోలు ఒరలో పొడవాటి కత్తి. ఇంటి పెద్దాయన విశాఖ నేవీలో అధికారిగా చేసి రిటైరయ్యారు.

"పట్టుకు చూడండి, పర్లేదు. దొండకాయ కూడా తెగదు" అని నవ్వారు.

నిజమే, పదును లేదు. సన్నగా, తిన్నగా ఉంది. తెల్లటి పిడి చుట్టూ బంగారు రంగు తీగ, కొసన సింహం తల. చేతికి అడ్డుగా పూత పూసిన ఇత్తడి రేకు, దాని మీద తాడు చుట్టుకున్న లంగరు. చిలకలపూడి రోల్డుగోల్డు ఎరిగిన కృష్ణా జిల్లా వాళ్లకి ఆ మెరుపేం కొత్త కాదు లెండి. ఈ నమూనాకి మూలం 1827లో బ్రిటిష్ నేవీ ఖాయం చేసిన కత్తి. వాళ్ల లంగరు పైన కిరీటం ఉంటుంది. 1950లో మనది గణతంత్రమయ్యాక కిరీటం పోయి అశోకుడి సింహాలొచ్చాయి. మిసైళ్ల కాలంలో కత్తెందుకంటారా? పరేడ్లకి, పెళ్లిళ్లకి. తోటి అధికారులు కత్తులెత్తి కమాను కడితే కొత్త దంపతులు దానికింద నడుస్తారు.

"మా నాన్న హిరణ్యకశిపుడు కట్టేవారు. ఆయన కత్తి అదిగో" అంటూ దూలం వైపు చూపించారు. బూరుగు చెక్క కత్తి. అంటించిన వెండి కాగితం సగం రాలిపోయింది. ఒకప్పుడు వేషాల నగలు కూడా ఆ తేలిక చెక్కతోనే చేసేవారు.

కొడుకు భామ వేషం కట్టాలని ఆ తండ్రి ఆశ. పద్దెనిమిదేళ్లకి ఈయన నేవీకి బయల్దేరితే గుమ్మం దాకా కూడా రాలేదట. ఎనిమిదేళ్లు, సెలవులకొచ్చినా అవసరానికి మించి మాట లేదు. పెళ్లికి యూనిఫాం, కత్తితో వచ్చినప్పుడు మాత్రం అడిగి చేతిలోకి తీసుకున్నారు.

"ఇంత బరువా! దీంతో అడుగెలా వేస్తావురా?"

వేలాడే ఒరను ఎడం చేత్తో పట్టుకుని ఈయన వసారాలో నడిచి చూపించారు. తండ్రి కాసేపు చూసి, తాళాలు అందుకున్నారు.

"ఎడం భుజం లేస్తోంది. దించు. మళ్లీ నడువు."

నాలుగుసార్లు నడిపించారట, తాళం వేస్తూ.

"ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు పరేడ్లు చేశానండీ. నా ఎడం భుజాన్ని ఎవరూ తప్పుపట్టలేదు" అంటూ ఆయన కత్తి మీది కుంకుమని మెత్తటి గుడ్డతో తుడవసాగారు.