తప్పు చూపినవారికి దక్షిణ

మన భాషలో తప్పును 'పడతారు'. దొంగను పట్టినట్లు, చేపను పట్టినట్లు. పట్టినవాడు గెలిచినట్లు, దొరికినవాడు ఓడినట్లు. పండితసభలో ఒక అపశబ్దం దొర్లితే చాలు, అంతవరకు చెప్పిన పాండిత్యమంతా ఆ ఒక్క మాట కింద నలిగిపోయేది. ఆ సంప్రదాయంలో చదువుకొని, ఉద్యోగకాలమంతా ఎరుపు సిరా కలంతో గడిపిన నాకు, తన తప్పు చూపినవారికి రొక్కం ముట్టజెప్పే విద్వాంసులొకరున్నారని తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. ఆయన కవి కారు, వైయాకరణులు కారు. కంప్యూటర్లకు ప్రోగ్రాములు వ్రాసే మనిషి. పేరు డొనాల్డ్ కనూత్.

1938లో అమెరికాలో పుట్టిన కనూత్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' అనే ఉద్గ్రంథాన్ని 1962లో మొదలుపెట్టారు. మొదటి సంపుటం 1968లో, మూడవది 1973లో వెలువడ్డాయి. నాలుగవ సంపుటంలో మొదటి భాగం రావడానికి 2011 వరకు, రెండవ భాగం రావడానికి 2022 వరకు పట్టింది. ఇంత నిదానమైన మనిషి ఇంత వేగవంతమైన వృత్తిలో ఎట్లా నెగ్గుకొచ్చారా అని కుతూహలం కలిగి, ఆయన పని అలవాట్లను గురించి కొంత చదివాను.

మొదట దక్షిణ సంగతి. తన పుస్తకంలో ఒక దోషాన్ని అందరికంటె ముందుగా చూపినవారికి ఆయన 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. ఆ విచిత్రమైన మొత్తానికి కారణం ఉన్నది. కంప్యూటరు పనిలో విరివిగా వాడే పదహారు ప్రాతిపదికగా గల సంఖ్యామానంలో 100 అని వ్రాస్తే మన లెక్కలో అది 256 అవుతుంది. అంటే ఆ లెక్కన 256 సెంట్లు ఒక డాలరు! చాలామంది ఆ చెక్కును బ్యాంకులో వేయకుండా పటం కట్టించుకొన్నారు. చెక్కుల మీది వివరాలతో మోసాలు జరుగుతున్నాయని 2008లో అసలు చెక్కులు మానివేసి, శాన్ సెరిఫ్ అనే ఊహాదేశపు బ్యాంకు పేర ధ్రువపత్రాలు ఇవ్వసాగారు. దానివల్ల వాటి గౌరవమేమీ తగ్గలేదు.

ఇంతకంటె నన్ను ఆకట్టుకొన్నది ఆయన తప్పుల చిట్టా. 1977లో తన రెండవ సంపుటం పునర్ముద్రణకు వచ్చిన ప్రూఫులు చూసి, అక్షరాలు వికారంగా ఉన్నాయని మనసు కష్టపెట్టుకొన్నారట. అచ్చుకూర్పు కోసం తానే ఒక ప్రోగ్రాము వ్రాయడానికి పూనుకొన్నారు. దాని పేరు టెక్. ఏడాదిలో ముగుస్తుందనుకొన్న పని సుమారు పదేళ్లు నడిచింది. ఆ ప్రోగ్రాములో దొరికిన దోషాన్నల్లా క్రమసంఖ్య వేసి నమోదు చేస్తూ వచ్చారు. 1989లో ఆ జాబితాను ఒక వ్యాసంతో సహా ప్రకటించారు. అందులో ఎనిమిది వందలకు పైగా పద్దులున్నాయి. వాటిని 15 తెగలుగా విభజించారు. 9 తెగలు అసలు తప్పులు, తక్కిన 6 మెరుగుదలలు. పద్ధతిలోనే లోపం ఉన్నవి, మరచిపోయినవి, ఊహించని సందర్భంలో బయటపడినవి, ఒక భాగానికీ మరొక భాగానికీ పొసగక వచ్చినవి, ఉత్త టైపింగు పొరపాట్లు, ఇట్లా దేని జాతి దానిదే.

ఇది చదివినప్పుడు నాకు బడి గుర్తుకు వచ్చింది. ఉక్తలేఖనంలో పది తప్పులు వస్తే పది ఎర్రగీతలు. కాని ఆ పదీ ఒక జాతివి కావు. ఒకడు 'ళ' వ్రాయవలసిన చోట 'ల' వ్రాస్తాడు, వాని చెవికి భేదం అందలేదు. ఇంకొకడు ఒత్తు విడుస్తాడు, వాని చేయి తొందరపడింది. మరొకడు ఇంట్లో పలికినట్లే వ్రాస్తాడు, అది వాని భాష. ఎర్రగీతకు ఈ తేడా తెలియదు. అందుకే పిల్లలు ఆ గీతను చూసి తప్పును నేర్చుకోరు, దాచడం నేర్చుకొంటారు. కాగితం చింపడం, సిరా ఒలికినట్లు చేయడం, తెల్లకాగితం అతికించడం, ఈ విద్యలన్నీ ప్రతి బడిలోనూ ఉన్నవే.

కనూత్ మరొక భావం తెలుగు చదివినవారికి వెంటనే అందుతుంది. 1984లో ఆయన ఒక వ్యాసంలో, ప్రోగ్రామును సాహిత్యంగా భావించవలెనని ప్రతిపాదించారు. యంత్రానికి ఆజ్ఞలు ఇవ్వడం మాత్రమే చాలదు, ఆ యంత్రంచేత మనం ఏమి చేయించదలచామో సాటి మనిషికి విశదం కావలెను అని సారాంశం. మనకు ఇది కొత్త కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం ఉంటుంది, దాని వెంట వివరణ, ఉదాహరణలు ఉంటాయి. ఉత్త సూత్రాలు మిగిలి తక్కినవి పోయి ఉంటే మా వంటివారు ఎంతమంది వ్యాకరణం నేర్చుకోగలిగేవారు?

ఇక నిత్యకృత్యం. 1990 జనవరి 1 నుంచి కనూత్ ఈ-మెయిలు మానివేశారు. అందరికంటె ముందు పదిహేనేళ్లు వాడి మరీ మానివేశారు. అన్నిటి పైనా తేలుతూ ఉండవలసినవారికి అది ఉపకరిస్తుంది గాని, అడుగుకు దిగి పనిచేయవలసిన తనకు కాదని ఆయన అభిప్రాయం. ఉత్తరాలు కట్టగట్టి ఉంచి, వీలున్నప్పుడు ఒక్కసారి చూస్తారు. ముందు పెన్సిలుతో కాగితం మీద వ్రాసుకొని, తరువాతనే కంప్యూటరులోకి ఎక్కిస్తారు. చేయవలసిన పనులలో తనకు బొత్తిగా ఇష్టం లేనిదాన్ని ముందు చేస్తారు.

హైదరాబాదులో ప్రోగ్రామర్‌గా ఉన్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చినప్పుడు ఇవన్నీ ఉత్సాహంగా చెప్పాను. అతడు నవ్వాడు.

"ఆయన ఆచార్యులు మాస్టారూ, మెయిలు మానేస్తే చెల్లింది. నేను రెండు గంటలు కనబడకపోతే నాలుగు ఫోన్లు వస్తాయి. అమెరికావాళ్లకు తెల్లవారితే నాకు రాత్రి. మీటింగులు అయ్యేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు."

అతని మాట నిజం. ఒకరి అలవాటును మరొకరికి అమాంతం తొడగడం కుదరదు. మెడనొప్పి, చాలని నిద్ర, సెలవునాడూ ఫోను వంక చూసే చూపు, ఇవి అతని జీవితంలో నేను కళ్లారా చూస్తున్నవే. కాని తప్పుల చిట్టా మాట రాగానే అతడు గంభీరంగా మారిపోయాడు.

వాళ్ల కార్యాలయంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె పొరపాటున కొంత సమాచారం చెరిపివేసిందట. వెంటనే చెబితే అరగంటలో తిరిగి తేగలిగినదే. భయపడి చెప్పలేదు. తానే సరిచేద్దామని రాత్రంతా కూర్చొని మరికొంత చెడగొట్టింది. మర్నాడు పెద్దలందరూ కూర్చొని అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎవరు చేశారు?" నెల తిరగకుండా ఆ అమ్మాయి ఉద్యోగం వదలుకొన్నది. "ఎందుకు జరిగిందని ఆ రోజు ఎవరూ అడగలేదు మాస్టారూ. అంత సులువుగా చెరిగిపోయే ఏర్పాటు ఎవరు పెట్టారని కూడా అడగలేదు" అన్నాడు. అతడు ఇప్పుడు తన కింద పనిచేసే ఆరుగురికి ఒకటే నియమం పెట్టాడు. తప్పు జరిగితే ముందు చెప్పాలి, ఆ రోజు ఎవరి పేరూ ఎత్తకూడదు. తన తప్పులను మాత్రం తేదీ వేసి, కారణం వ్రాసి, అందరికీ కనబడేటట్లు ఉంచుతాడు. మీటింగులు తన చేతిలో లేవు గాని, ఉదయం ఒక గంట ఫోను పక్కగదిలో పెట్టి, కష్టమైన పని ముందు చేసుకొంటున్నాడు.

తప్పు చిన్నవారికే జరుగుతుందనుకోనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ఒకటి ఐఫోన్లను స్తంభింపజేసిన సంగతి చాలామందికి జ్ఞాపకం ఉండవచ్చు. 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో తెరమీదికి రాగానే ఆ సందేశాల ప్రోగ్రాము కుప్పకూలిపోయేది. ప్రపంచంలోని సంపన్న సంస్థలలో ఒకటైన ఆపిల్ ఆ దోషాన్ని అదే నెల 19వ తేదీన విడుదల చేసిన సవరణతో సరిచేసింది. జ్ఞానంలోని మొదటి అక్షరమే యంత్రాన్ని తికమక పెట్టిందని మనం అప్పుడు చమత్కరించుకొన్నాం. అయితే తప్పు ఎక్కడ ఉన్నదో చెప్పినవారు ఉండబట్టే అది రోజులలో తీరింది.

మన వ్యాకరణ చరిత్రలోనూ ఇందుకు ఒక మంచి దృష్టాంతం ఉన్నది. బాలవ్యాకరణంలో చెప్పక విడిచిన విషయాలను బహుజనపల్లి సీతారామాచార్యులవారు పూరించి ఒక గ్రంథం వ్రాశారు. మనం దాన్ని ప్రౌఢవ్యాకరణమని వ్యవహరిస్తాము. వారు పెట్టిన పేరు 'త్రిలింగ లక్షణ శేషము'. ఖండనమనలేదు, శేషమన్నారు. సూరి చేసిన పనిలో మిగిలిన పని అని. లోపం చూపడం పెద్దవారిని కించపరచడం కాదు, వారి పనిలో మన వంతు చేయడం అనే మర్యాద ఆ ఒక్క మాటలో ఉన్నది. కనూత్ పంపిన చెక్కు వెనుక ఉన్నదీ ఆ మర్యాదే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకూ, తల్లిదండ్రులకూ, కార్యాలయాలలో పదిమందిని నడిపించేవారికీ నా విన్నపం ఇది. పిల్లవాడు గాని, కింది ఉద్యోగి గాని తన తప్పును తానే తెచ్చి చూపిన రోజున, ముందు ఒక మంచి మాట చెప్పండి. దిద్దుబాటు తరువాత చేయవచ్చు. ఈ వ్యాసంలో అచ్చుతప్పు గాని, విషయదోషం గాని కనబడితే తెలియజేయండి. నాది పింఛను బ్రతుకు గనుక డాలర్ల లెక్క నాకు పొసగదు. దోషానికి 2 రూపాయల 56 పైసలు బాకీ పడతాను.