కొండ మీద రెండు చెరువులు

గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లు నీటి రంగు చూసి ఎగువన ఏం జరుగుతోందో చెప్పేస్తారు. ఆషాఢంలో ఏరు ఎర్రబడిందంటే పైన ఎక్కడో వానలు బాగా పడ్డాయన్నమాట. మా ఊళ్లో చినుకు రాలకపోయినా ఆ కబురు నీళ్లే మోసుకొచ్చేవి. కెనడా రాకీ పర్వతాల్లో లేక్ లూయీజ్ అనే చెరువు గట్టున నిలబడినప్పుడు చిన్ననాటి ఆ చదువే అక్కరకొచ్చింది.

వేసవికి మావారూ నేనూ కాల్గరీలో అబ్బాయి వాళ్ల దగ్గరికి వెళ్లాం. వాళ్లకు సెలవు దొరకలేదు. "మీరిద్దరే వెళ్లి రండమ్మా" అని బస్సెక్కించాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో పిల్లలూ బంధువులూ లేకుండా, మొక్కూ పెళ్లీ ఏదీ కారణం కాకుండా, మేమిద్దరమే ఒక చోటుకి బయల్దేరడం ఎంత అరుదో బస్సులో కూర్చున్నాక గానీ తెలియలేదు.

లూయీజ్ నీళ్లు అచ్చంగా నెమలికంఠం రంగు. పాలు కలిసినట్టు కాస్త మసగ్గా ఉన్నాయి. ఒంగి దోసిలి పట్టాను. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి గానీ దోసిట్లో రంగు మాత్రం లేదు. కొద్దిగా తేట తగ్గిన మామూలు నీళ్లే.

"రంగేదండీ?" అన్నాను.

"దోసెడు నీళ్లలో కనపడదు. లోతుండాలి" అన్నారాయన. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఉద్యోగం చేసిన మనిషికి ఒండ్రు సంగతి ఒకరు చెప్పాలా! చెరువుకి ఆ చివర 3,464 మీటర్ల విక్టోరియా శిఖరం ఉంది. దాని ఒంటిని పట్టుకుని హిమానీనదం ఉంది. మంచు తన బరువుకి తానే మెల్లగా కిందికి జారుతుంది. అడుగున ఇరుక్కున్న రాళ్లు కొండను గీరుతూ వస్తాయి. ఆ రాపిడికి రాలిన రాతిపిండి కరుగునీటితో చెరువులో చేరుతుంది. బరకగా ఉన్నది అడుక్కి పోతుంది, మెత్తనిది నీళ్లలోనే తేలుతూ ఉండిపోతుంది. ఎండలోని ఎరుపును నీళ్లు తాగేస్తే, ఆ పిండి నీలాన్నీ పచ్చనీ వెనక్కి చిమ్ముతుంది. అందుకే మంచు బాగా కరిగే నడివేసవిలో రంగు చిక్కబడుతుంది.

అక్కడినుంచి పైనున్న రెండో చెరువు లేక్ ఆగ్నెస్‌కి దాదాపు మూడున్నర కిలోమీటర్ల కాలిబాట. 400 మీటర్ల ఎత్తు ఎక్కాలి. దేవదారు లాంటి చెట్ల మధ్య దారి మెలికలు తిరుగుతూ పోతుంది. ఆయనకు మోకాలు నొప్పి. ఆగుదామని ఆయన నోటితో అనరు. అందుకని ప్రతి మలుపులోనూ "ఏవండీ, కాస్త కూర్చుందామా, ఆయాసంగా ఉంది" అని నేనే అన్నాను. దిగేటప్పుడు నా కాళ్లు వణుకుతుంటే "నాకు మోకాలు పట్టేసింది, ఆగు" అని ఆయన అన్నారు. ఎవరి నొప్పి ఎవరు చెప్పుకున్నారో ఇద్దరికీ తెలుసు. అలా కూర్చున్నప్పుడల్లా కొమ్మల సందుల్లోంచి కింద లూయీజ్ కనపడేది. ఎత్తు పెరిగేకొద్దీ రంగు ఇంకా కొట్టొచ్చినట్టయింది.

చివర్లో ఒక జలపాతం పక్కనుంచి మెట్లు. ఎక్కగానే చెరువు, దాని గట్టున చిన్న టీ కొట్టు. 1901లో కెనడియన్ పసిఫిక్ రైల్వే వాళ్లు మొదట కట్టించారు, 1905 నుంచి టీ పోస్తున్నారు. కరెంటు లేదు. కావలసిన సరుకుల్లో చాలావరకు పనిచేసే పిల్లలే వీపున మోసుకొస్తారు. కెనడా మొదటి ప్రధాని భార్య ఆగ్నెస్ మక్డోనాల్డ్ పేరు ఈ చెరువుకు పెట్టారు. 1886లో ఈ కొండల్లో రైలింజను ముందుభాగం మీద కూర్చుని ప్రయాణం చేసిన ధీరురాలు ఆవిడ.

టీ తాగుతూ చూస్తున్నా. ఈ నీళ్లలో నెమలికంఠం లేదు. గట్టు పక్కన అడుగున పడి ఉన్న రాళ్లు ఒక్కొక్కటీ, వాటి మీది చారలతో సహా, స్పష్టంగా కనపడుతున్నాయి. ఒకే కొండ, ఒకే ఎండ. ఇదెందుకిలా? ఆయన తలెత్తి చుట్టూ ఉన్న కొండకొమ్ముల్ని చాలాసేపు చూశారు. "పైన హిమానీనదం లేదు. పిండి విసిరే తిరగలి ఆగిపోయింది" అన్నారు.

ఆగ్నెస్ ఉన్న గిన్నెలాంటి లోయను తొలిచింది ఒకనాటి హిమానీనదమే. అది ఎప్పుడో కరిగిపోయింది, చెరువు మిగిలింది. తేటనీళ్లకూ అందం ఉంది, కాదనను. కానీ కింద లూయీజ్‌కి నీళ్లిచ్చే హిమానీనదాలూ ఇప్పుడు తరిగిపోతున్నాయి. ఆగ్నెస్ మంచు ప్రకృతి తీసుకున్న తీరిక కొద్దీ పోయింది. లూయీజ్ మంచు మన పొగకూ వేడికీ పోతోంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. లూయీజ్ నీళ్లు బో నదిలో కలుస్తాయి, ఆ నది నీళ్లు కాల్గరీ తాగుతుంది. చలికాలపు మంచంతా కరిగిపోయాక, వేసవి చివర్లో నదిని ఆదుకునేవాటిలో హిమానీనదాలూ ఉన్నాయి. మా మనవరాలు కుళాయి తిప్పి పట్టుకునే గ్లాసులో వాటి పాలు కూడా ఉంది. 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఏడాది అయిపోయింది, కరగడం ఆగలేదు.

లూయీజ్ దగ్గర ఫొటో దిగి బస్సెక్కేసేవాళ్లే ఎక్కువ. కాల్గరీకి పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలకు నాదొక్క మనవి. ఓపిక ఉంటే ఇద్దరూ కలిసి పై చెరువు దాకా ఎక్కండి. జులై, ఆగస్టు నెలలు మంచివి. ముందు కింది నీళ్లు చూసి, తర్వాత పై నీళ్లు చూడండి. వీలైతే మనవల్ని కూడా వెంటబెట్టుకెళ్లండి.