గొట్టాల ప్యాకెట్లో బొమ్మ

నా చిన్నప్పుడు మా ఊరు కొలిమిగుండ్లలో రూపాయి పెట్టి గొట్టాల చిరుతిండి ప్యాకెట్ కొనే పిల్లోడికి గొట్టాలతో పెద్దగా పని ఉండేది కాదు. కొనేదంతా లోపలి ప్లాస్టిక్ బొమ్మ కోసమే. అంగడి ముందు వేలాడే సరం పట్టుకుని ఒక్కో ప్యాకెట్టూ ఒత్తి చూసేవాళ్లం. గుండ్రంగా, కింద మొనదేరి తగిలితే బొంగరం. పొడుగ్గా ఉంటే ఈల. ఉంగరం మాత్రం ఓ పట్టాన చేతికి చిక్కేది కాదు. "అట్ల పిండి చేస్తే మిగిలినవి ఎవరు కొంటార్రా?" అని అంగడాయన లేచేలోపు ఒకటి తెంపేయాలి.

"అదే రూపాయికి ఇన్ని బొరుగులు వస్తాయి గదరా!" అని అవ్వ రోజూ గొణిగేది. అవ్వ లెక్కలో తప్పు లేదు. కానీ బొరుగుల్లో బొంగరం రాదు.

మా ఊళ్లో బొంగరానిదే పైచేయి. అది నాపరాయి చలవ. ఇంట్లో పరిచింది నాపబండ, అరుగు నాపబండ, దొడ్డి చుట్టూ నిలబెట్టిందీ నాపబండే. పాలిష్ పట్టిన బండ మీద రెండు వేళ్లతో తిప్పి వదిలితే, గోరంత ప్లాస్టిక్ బొంగరం కదిలినట్టే కనిపించకుండా తిరిగేది. ముందు పడిపోయిన బొంగరం గెలిచినోడిది. నేను బొమ్మలు దాచుకునే డబ్బాలోకి మంచివన్నీ అలా వచ్చినవే, అలా పోయినవే.

మా మండలంలోని బెలుం గుహలను 2002లో పర్యాటకులకు తెరిచాక మాకు ఇంకో దారి దొరికింది. బస్సుల్లో వచ్చిన పిల్లలు చిరుతిళ్లు తిని, బొమ్మలు అక్కడే పారేసి పోయేవాళ్లు. మేం ఏరుకునేవాళ్లం. ఆ రోజుల్లోనే లేస్, చీటోస్ ప్యాకెట్లలో పోకెమాన్ టాజోలనే బొమ్మల బిళ్లలు వచ్చాయి. అవి తాడిపత్రి నుంచి వచ్చే చుట్టాల పిల్లల దగ్గరే చూసేవాళ్లం. ఒక టాజోకి మూడు ఈలలు అడిగేవాళ్లు, దుర్మార్గులు!

తిండి ప్యాకెట్లో బొమ్మ పెట్టే ఈ ఎర అమెరికాలో చాలా పాతది. అక్కడ క్రాకర్ జాక్ అనే తీపి పాప్‌కార్న్ డబ్బాల్లో 1912 నుంచే బహుమతులు పెట్టారు. అక్కడి సంగతేమో గానీ, మా గొట్టాల ప్యాకెట్లో బొమ్మకు విడిగా కవరు కూడా ఉండేది కాదు. నూనె, కారం అంటుకుని వచ్చేది; కడగడం ఎందుకని నాకేసేవాళ్లం. అందులోని ప్రమాదం అప్పుడు తట్టలేదు. 2017లో ఏలూరులో చిప్స్ ప్యాకెట్లోని బొమ్మ గొంతుకు అడ్డుపడి నాలుగేళ్ల బాబు చనిపోయాడు. తిండిలో కలిపి బొమ్మను పెట్టడం తప్పే. నా ఇష్టం దాన్ని ఒప్పు చేయదు.

అయినా మీ అటక మీద అలాంటి పాత బొమ్మల డబ్బా ఏదైనా ఉంటే పారేయకండి. ఆ బొమ్మల్లో చాలావాటి మీద కంపెనీ పేరు, ఏడాది ఉండవు. ఏ ఊళ్లో, ఏ అంగట్లో దొరికాయో గుర్తున్నంత ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. చిన్నపిల్లల చేతికి మాత్రం అందనివ్వకండి.